రాక్ క్లైంబింగ్‌ను కళ అనవచ్చా?

అనవచ్చు, కానీ అన్ని రకాలనూ కాదు.

2019లో యునెస్కో ఆల్ప్స్ పర్వతారోహణను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు దాన్ని 'కళ' అనే వర్ణించింది. ముద్ర పడినంత మాత్రాన కళ అయిపోదనుకోండి. అసలు సంగతి కదలికలో ఉంది.

1950లలో అమెరికన్ జాన్ గిల్ (తర్వాత గణితం ప్రొఫెసర్ అయ్యాడు) జిమ్నాస్టిక్స్‌లో వాడే సుద్దపొడిని, ఊపుతో ఎగిరి పట్టు అందుకునే పద్ధతిని బండల మీదికి తెచ్చాడు. పైకి చేరడం ఒక్కటే చాలదు, ఎలా చేరామన్నదీ ముఖ్యమే అన్నది ఆయన పట్టుదల.

2017లో అలెక్స్ హానల్డ్ తాడు లేకుండా దాదాపు నాలుగు గంటల్లో అమెరికాలోని ఎల్ కాపిటన్ అనే నిట్టనిలువు కొండ ఎక్కాడు. అంతకుముందు తాడు కట్టుకుని అదే దారిలో ఏ వేలు ఎక్కడ, ఏ పాదం ఎక్కడ అన్నది కంఠతా వచ్చేదాకా సాధన చేశాడు. కూచిపూడి నర్తకి అడుగులు సాధన చేయడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు. కాకపోతే ఇక్కడ నట్టువనారు (తాళం వేసి ఆడించే గురువు) కొండే!

స్పీడ్ క్లైంబింగ్‌ని మాత్రం కళ అనలేను. 15 మీటర్ల గోడ, ప్రపంచమంతటా అవే పట్లు, పక్కన గడియారం. అది అచ్చమైన పరుగుపందెం, నిలువుగా పెట్టారంతే.