ఈసీజీ అంటే భయపడుతున్న చెల్లికి

చెల్లీ,

నీ మెసేజ్ నిన్న నైట్ డ్యూటీలో చూశాను. ఎఫ్ఎంజీఈలో, అదే విదేశంలో ఎంబీబీఎస్ చేసినవాళ్లు ఇక్కడ ప్రాక్టీస్ కోసం రాసే పరీక్షలో, ఈసీజీ బొమ్మ కనపడితే ఏదో ఒక ఆప్షన్ నొక్కేసి పోతానని రాశావు. 300కి 150 తెచ్చుకుంటే గట్టెక్కే పరీక్ష అది, నెగెటివ్ మార్కులు కూడా లేవు, అలాంటి చోట వచ్చే మార్కుల్ని భయంతో పోగొట్టుకుంటావా?

నువ్వు ఎక్కడ తప్పు చేస్తున్నావో నాకు తెలుసు, నేనూ అదే చేశాను కాబట్టి. బొమ్మలు బట్టీ పట్టడం. నా ఫోన్ నిండా స్క్రీన్‌షాట్లే ఉండేవి. ఒక మాక్ టెస్టులో కిడ్నీ పేషెంట్, రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లలేదు, ఒళ్లంతా నీరసం, ఈసీజీలో వీటూ నుంచి వీఫోర్ దాకా, అంటే ఛాతీ మీద పెట్టే లీడ్‌లలో (వైర్లలో), ఎత్తైన టీ వేవ్‌లు, ప్రతి బీట్ చివర వచ్చే అలలు. కేసు చదవకుండానే గుండెపోటు అనేసుకుని ఆస్పిరిన్ పెట్టి దర్జాగా ముందుకెళ్లిపోయాను. అది రక్తంలో పెరిగిన పొటాషియం! టీ గుడారంలా మొన తేలి ఉంటుంది, అడుగున సన్నగా ఉంటుంది, ఇంకా పెరిగితే పీ (పై గదుల అల) చదునైపోయి క్యూఆర్ఎస్ (కింది గదుల అల) వెడల్పవుతుంది. ముందు ఇవ్వాల్సింది కాల్షియం గ్లూకోనేట్. అది పొటాషియాన్ని ఏమాత్రం తగ్గించదు, గుండెని కాచుకుంటుంది అంతే, తగ్గించే పని తర్వాత ఇచ్చే ఇన్సులిన్, డెక్స్ట్రోజ్‌లది. ప్రశ్న రాసేవాళ్లకి ఈ వరస అంటే మహా ఇష్టం.

అందుకే కేసు ముందు, బొమ్మ తర్వాత. బొమ్మలోకి వచ్చాక గళ్లు లెక్కపెట్టు. చిన్న గడి 0.04 సెకను, పెద్దది 0.2. రెండు ఆర్‌ల (క్యూఆర్ఎస్‌లోని ఎత్తైన మొనల) మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో చూసి 300ని దాంతో భాగిస్తే రేటు. లయ తప్పి ఉంటే ఆ లెక్క పనికిరాదు, పది సెకన్ల స్ట్రిప్‌లో (ఈసీజీ ముక్కలో) క్యూఆర్ఎస్‌లు లెక్కపెట్టి ఆరుతో గుణించు. తర్వాత పీ ఉందా, పీఆర్ (పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా దూరం) మూడు నుంచి ఐదు చిన్న గళ్లలో ఉందా, క్యూఆర్ఎస్ మూడు గళ్లలోపేనా, ఆఖర్న ఎస్‌టీ, అంటే క్యూఆర్ఎస్‌కీ టీకీ మధ్య గీత. ఎంత తెలిసిన బొమ్మైనా ఈ వరస మార్చకు.

గుండెపోటులో లీడ్ టూ, త్రీ, ఏవీఎఫ్‌లలో ఎస్‌టీ లేస్తే ఇన్ఫీరియర్ (గుండె కింది గోడ) అని అందరూ చెప్తారు. మార్కు ఆ తర్వాతి మాటలో ఉంటుంది. బీపీ పడిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి, ఊపిరితిత్తులు మాత్రం క్లియర్ అని కేసులో ఇస్తే కుడి జఠరికని (కుడివైపు కింది గదిని) అనుమానించు, కుడివైపు లీడ్‌లు పెట్టాలి, నైట్రేట్ ఇవ్వకూడదు. వీవన్ నుంచి వీత్రీ దాకా ఎస్‌టీ కిందికి దిగి ఆర్ ఎత్తుగా కనిపిస్తే వెనక గోడని మర్చిపోకు.

రిథమ్ ప్రశ్నల్లో పేరు కంటే ముందు పేషెంట్‌ని చూడు. వేగంగా కొట్టుకుంటూ పల్స్ ఉండి బీపీ పడిపోతే కరెంట్ షాక్ ఇచ్చే ఆప్షన్ వెతుక్కో. స్టేబుల్‌గా ఉన్న ఎస్‌వీటీకి (కింది గదులకి పైన మొదలయ్యే వేగమైన లయ) వేగల్ మాన్యువర్ (ఊపిరి బిగబట్టి ముక్కడం లాంటిది), తగ్గకపోతే అడినోసిన్ 6 మిల్లీగ్రాములు. టోర్సాడ్స్‌కి (క్యూఆర్ఎస్‌లు మెలికలు తిరిగే ప్రమాదకరమైన లయ) మెగ్నీషియం. ఇవి చిన్నవే, ఒక్క సాయంత్రం చాలు.

ఇక నువ్వు పంపిన మొదటి స్ట్రిప్, సెకండ్ డిగ్రీ హార్ట్ బ్లాకా థర్డ్ డిగ్రీనా (పై గదుల సిగ్నల్ కిందికి కొన్నిసార్లు ఆగిందా, అసలే రావట్లేదా) అని నువ్వు తన్నుకుంటున్నది. ఒక కాగితం అంచుని స్ట్రిప్ కింద పెట్టి రెండు పీల దగ్గర పెన్నుతో గీతలు పెట్టు, కాగితాన్ని పక్కకి జరుపుతూ పో. పీలన్నీ ఆ కొలతకే పడుతున్నాయి చూడు, కొన్ని క్యూఆర్ఎస్‌లో దాక్కున్నాయి. అలాగే క్యూఆర్ఎస్‌లు కూడా కొలువు, వాటి దూరం వాటికుంది, పీఆర్ మాత్రం ఏ రెండు చోట్లా ఒకేలా లేదు. పై గదులూ కింది గదులూ మాటల్లేని తోడికోడళ్లలా ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నాయి. కంప్లీట్ బ్లాక్ అది, అంటే థర్డ్ డిగ్రీ. సెకండ్ డిగ్రీలో రెండు రకాలు: పీఆర్ మెల్లగా సాగి సాగి ఒక బీట్ పడిపోతే వెంకెబాక్, సాగకుండా ఉన్నట్టుండి పడిపోతే మోబిట్జ్ టూ. పరీక్షలో కాగితం జరపడం కుదరదు నిజమే, కానీ ఇంట్లో నెల రోజులు ఇలా చేస్తే స్క్రీన్ మీద కంటికే అందుతుంది.

రోజుకి ఐదు చాలు, యాభై వద్దు. జవాబు మూసిపెట్టి పైకి చదువు, అమ్మ నవ్వినా సరే.

రెండో స్ట్రిప్‌కి జవాబు నేను చెప్పనే. లీడ్ వన్ తలకిందులుగా ఉంది, ఏవీఆర్ పైకి లేచింది, పేషెంట్ హాయిగా కూర్చుని ఉన్నాడు. వైర్లు ఎవరు పెట్టారో ఆలోచించి రేపు తొమ్మిదయ్యాక ఫోన్ చెయ్యి.

మీ అక్క