తీరపు రోడ్డు మీద గట్టు విరిగిపడిన పాత టీవీ వార్త ఫుటేజ్ ఇప్పుడు దొరుకుతుందా?

మీరు అడిగింది ఇది: పూసపాటిరేగ వైపు సముద్రానికి దగ్గరగా వెళ్ళే రోడ్డు మీద దాదాపు ఇరవై ఏళ్ళ కిందట వానలకు పక్కనున్న మట్టిగట్టు విరిగిపడింది, టీవీలో చూపించారు, ఇప్పుడు ఆ ఛానెల్ వాళ్ళు తమ దగ్గర లేదంటున్నారు, ఇంకెక్కడ వెతకాలి?

ఛానెల్ వాళ్ళు చెప్పింది నిజమే అయి ఉండొచ్చు. కేంద్రం నిబంధనల ప్రకారం ప్రసారమైన దాన్ని 90 రోజులు దాచితే చాలు. ఆ తర్వాత ఏది ఉంచాలి, ఏది చెరపాలి అన్నది వాళ్ళిష్టం. ఆ రోజుల్లో టేపుకి ఖర్చు కాబట్టి జిల్లా వార్తల టేపుల మీద మళ్ళీ మళ్ళీ రికార్డు చేసేవారు. లైబ్రరీలో ఉంచినా డెస్కులో కత్తిరించిన నిమిషం, నిమిషంన్నర ముక్కే ఉంటుంది. అసలు సరుకు స్ట్రింగర్ (ఛానెల్‌కి వార్తలు తీసి పంపే స్థానిక విలేకరి) దగ్గరి టేపులో ఉంటుంది: జారిన గట్టు, ఆగిపోయిన బస్సులు, జనం మాటలు, పొక్లెయిన్ పని, అన్నీ కలిపి పది పదిహేను నిమిషాలు. నేనైతే ముందు స్ట్రింగర్‌నే వెతుకుతాను.

దానికంటే ముందు తేదీ తేల్చండి. తేదీ లేకుండా ఎవరిని అడిగినా "చూస్తాం" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. మొదటి దారి పాత పత్రికలు. వాటిలో విజయనగరం జిల్లా అనుబంధమే చూడాలి. అదే పత్రిక విశాఖ కాపీలో ఈ వార్త ఉండకపోవచ్చు. రెండో దారి సమాచార హక్కు. రోడ్లు భవనాల శాఖ జిల్లా కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, ఆ రోడ్డు ఫలానా కిలోమీటరు దగ్గర మట్టి తొలగింపుకి వేసిన ఎస్టిమేటు, నష్టం నివేదిక, దానికి జతచేసిన ఫోటోల నకళ్ళు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అది పంచాయతీరాజ్ రోడ్డయితే ఆ ఇంజనీరింగ్ విభాగానికి పెట్టాలి. తప్పు శాఖకి వెళ్ళిన దరఖాస్తును వాళ్ళు సరైన చోటికి పంపాలని చట్టంలో ఉంది, కానీ మీరే సరిగా పెడితే కాలం కలిసొస్తుంది. దూరదర్శన్ కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. ప్రైవేటు ఛానెళ్ళు రావు.

ఏడాది తేలితే ఛానెళ్ళ జాబితా దానంతటదే చిన్నదవుతుంది. ఈటీవీ 1995 నుంచి, ఈటీవీ2 2003 చివర నుంచి, టీవీ9 2004 నుంచి, ఎన్‌టీవీ 2007 నుంచి, సాక్షి టీవీ 2009 నుంచి ఉన్నాయి. 2005 నాటి సంగతయితే సాక్షిని అడిగి లాభం లేదు. లోకల్ కేబుల్ ఆపరేటర్లను మాత్రం మరిచిపోవద్దు. సిటీ కేబుల్ వార్తలు నడిపినవాళ్ళు చాలామంది సీడీల్లో, వీహెచ్‌ఎస్‌లో దాచారు. అడిగేటప్పుడు "కొండచరియ" అన్న మాట ఒక్కటే పట్టుకోకండి. లేబుల్ మీద "భారీ వర్షాలు" అనో, "రోడ్డు బ్లాక్" అనో, ఉత్త ఊరి పేరో రాసి ఉంటుంది.

టేపు దొరికిందనుకుందాం. అప్పటి స్ట్రింగర్లు ఎక్కువగా వాడింది మినీ డీవీ, అంటే చిన్న డిజిటల్ వీడియో క్యాసెట్. వెంటనే కెమెరాలో పెట్టి చూడాలనిపిస్తుంది, ఆగండి. మన తీరపు తేమకి టేపు బూజు పడుతుంది. క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టార్చి వేసి రీలు అంచు చూడండి. తెల్లటి పొడి, దారాల్లాంటివి కనిపిస్తే ఆడించొద్దు. ఆ బూజు కెమెరా హెడ్లకి (టేపుని చదివే భాగాలకి) అంటుకుని తర్వాత పెట్టే టేపులన్నింటికీ పాకుతుంది. అలాంటిది టేపు శుభ్రం చేసేవాళ్ళకే ఇవ్వాలి. పాత టేపుల్ని ఓవెన్‌లో వేడి చేయమని కొందరు సలహా ఇస్తారు. అది కొన్ని పాత రకాల టేపులకి, మినీ డీవీకి పనికిరాదు, పాడవుతుంది.

టేపు బాగుంటే ముందుగా క్యాసెట్ వెనక వైపున్న చిన్న మీటని సేవ్ వైపు జరపండి, పొరపాటున దాని మీద రికార్డు కాకుండా. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో రెండు రోజులు ఉంచి, తర్వాత ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్, మళ్ళీ మొదటిదాకా రివైండ్ చేయండి. ఏళ్ళ తరబడి కదలని టేపు బిగువు ఇలా సమమవుతుంది. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన కెమెరా తేమ హెచ్చరిక చూపి ఆగిపోతే, తలుపు తెరిచి ఓ గంట వదిలేయండి.

ఏ కెమెరాలో ఆడించాలన్నది పెద్ద ప్రశ్న. సోనీ పీడీ150, పీడీ170లతో తీసినవాళ్ళు డీవీక్యామ్ అనే సోనీ సొంత రికార్డింగ్ పద్ధతిలో తీసి ఉండొచ్చు. అప్పుడు 60 నిమిషాల టేపులో 40 నిమిషాలే పడుతుంది, ఇళ్ళలో వాడే ఇతర కంపెనీల కెమెరాలు చాలావరకు దాన్ని చదవవు. పానాసోనిక్ ఎండీ10000 లాంటి వాటితో తీసిందయితే మామూలు డీవీ. టేపు ఆదా కోసం ఎల్‌పీలో (టేపుని నెమ్మదిగా నడిపే పద్ధతిలో) 90 నిమిషాలు లాగిన టేపులే అన్నిటికంటే మొండివి. వాటి ట్రాకు సన్నం, తీసిన కెమెరాలో తప్ప సరిగా ఆడవు. అందుకని ఆ స్ట్రింగర్ దగ్గర పాత కెమెరా మూలన పడి ఉందేమో కూడా అడగండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఫైర్‌వైర్ (డిజిటల్ వీడియోని ఉన్నదున్నట్టు పంపే తీగ కనెక్షన్) తప్ప వేరే దారి పట్టొద్దు. పసుపు, ఎరుపు, తెలుపు తీగలతో యూఎస్‌బీ డబ్బాలోకి తీస్తే బొమ్మ మళ్ళీ అనలాగ్ అయి నాణ్యత పోతుంది, టేపులో దాగిన తేదీ, టైమ్‌కోడ్ (ఫ్రేముల వరుస లెక్క) కూడా పోతాయి. డెస్క్‌టాప్‌కి ఫైర్‌వైర్ కార్డు, కెమెరా వైపు 4 పిన్నులు, కార్డు వైపు 6 పిన్నులు ఉన్న తీగ కావాలి. విండోస్ 10లో "లెగసీ" అనే పాత ఫైర్‌వైర్ డ్రైవర్ వేస్తేగానీ కెమెరా కనిపించకపోవచ్చు. కంప్యూటర్, కెమెరా రెండూ ఆపి ఉన్నప్పుడే తీగ గుచ్చండి. ఆరు పిన్నుల వైపు కరెంటు ఉంటుంది, తలకిందులుగా గుచ్చితే కెమెరా పోర్టు కాలిపోతుంది. ఎక్కించే సాఫ్ట్‌వేర్‌గా విండోస్‌లో విన్‌డీవీ, లినక్స్‌లో డీవీగ్రాబ్ చాలు. గంట టేపుకి గంట పడుతుంది, సుమారు 13 జీబీ ఫైలు వస్తుంది.

బొమ్మ పట్టీలు పట్టీలుగా వస్తుంటే రెండు హెడ్లలో ఒకటి మూసుకుపోయినట్టు. క్లీనింగ్ టేపు పది సెకన్లకు మించి ఆడించొద్దు, ఎక్కువైతే హెడ్ అరుగుతుంది. అక్కడక్కడ గళ్ళు కనిపిస్తే లోపం టేపులో ఉంది. అప్పుడు రెండు మూడు సార్లు, వీలైతే వేరే కెమెరాతోనూ ఎక్కించండి. ఒకసారి చెడిన ఫ్రేము మరోసారి బాగా వస్తుంది. డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిలో బాగున్న భాగాలను కలిపి ఒక ఫైలు చేస్తుంది.

డీవీ టేపులో ప్రతి ఫ్రేముతో పాటు తీసిన తేదీ, సమయం నమోదవుతాయి. కెమెరాలో డేటా కోడ్ బటన్ నొక్కితే కనిపిస్తాయి. మీరు తేల్చుకున్న తేదీతో సరిపోతే అది ఆ సంఘటనదే అనడానికి గట్టి ఆధారం. కెమెరా గడియారం బ్యాటరీ అయిపోయి ఉంటే తప్పుడు తేదీ పడుతుంది కాబట్టి కిలోమీటరు రాయి, బస్సు బోర్డు, మాట్లాడినవాళ్ళు చెప్పిన ఊరి పేరు కూడా సరిచూడండి. రెండు ఆడియో ఛానెళ్ళనూ ఉంచండి. రిపోర్టర్ మైకు ఒకదాంట్లో, చుట్టుపక్కల మాటలు రెండోదాంట్లో ఉండొచ్చు.

టేపు నుంచి వచ్చిన అసలు ఫైలుని (ఏవీఐ) ముట్టుకోకుండా రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్ళలో దాచి, చూడటానికి విడిగా ఎంపీ4 చేసుకోండి. బయట పెట్టేముందు స్ట్రింగర్‌తోనూ, హక్కు ఛానెల్‌దయితే వాళ్ళతోనూ రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. టేపు ఇచ్చినవాళ్ళకి టేపుతో పాటు ఆ ఫైలు కాపీ కూడా ఇవ్వండి. ఇంకా మిగిలిన టేపులున్నా వాళ్ళు తీసి చూపిస్తారు.