కోఠి: ఆ గల్లీలు అలా ఎందుకున్నాయి, ఒక్క పూటలో ఎలా తిరగాలి

హైదరాబాద్‌లోని కోఠి చరిత్ర ఏమిటి, షాపింగ్ ఒక్కటే కాకుండా అక్కడ చూడాల్సింది ఏముంది, ఒక్క పూటలో ఎటు నుంచి ఎటు తిరగాలి అని అడిగారు.

ముందు ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. 1933 దాకా ఇక్కడ నిజాం అధికారం చెల్లేది కాదు. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంట్ భవనం చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజార్లు రెసిడెంట్ ఏలుబడిలో ఉండేవి. 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాకే వాటికి సుల్తాన్ బజార్ అనే పేరు పడింది. ఊరు హైదరాబాదే, హుకుం మాత్రం వేరు. అందుకే వడ్డీ వ్యాపారం చేసే షావుకార్లు, సభలు పెట్టుకోవాలనుకునే సంఘాలు, సొంత భాషలో బడి నడపాలనుకునేవాళ్లు ఇటువైపు చేరారు. మార్వాడీ, గుజరాతీ, మరాఠీ, తెలుగు కుటుంబాలు ఇంత దగ్గరగా కలిసి ఉన్న పేట నగరంలో అరుదు.

కోఠీ అంటే పెద్ద భవంతి. రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్ హయాంలో 1803లో మొదలైన ఆ భవనమే ఈ ప్రాంతానికి గుండెకాయ. ముందువైపు ఆరు ఎత్తైన స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా సింహాలు. 1949 నుంచి అందులో మహిళా కళాశాల నడిచింది, ఇప్పుడది చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. చాలా ఏళ్లు శిథిలమై, పైకప్పు కూలే స్థితికి వచ్చిన కట్టడాన్ని మరమ్మతు చేసి 2023లో మళ్లీ తెరిచారు. నడుస్తున్న విశ్వవిద్యాలయం కాబట్టి గేటు దగ్గరికి వెళ్లి లోపలికి పంపమంటే కుదరదు, ముందే అనుమతి తీసుకోండి. చాలామంది ఇక్కడే నిరాశపడి వెనక్కి వస్తారు.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కలిసి ఈ రెసిడెన్సీ మీదికే దండెత్తారు. పుత్లీబౌలి వైపు ఇళ్లలో మోహరించి రాత్రంతా కాల్పులు జరిపారు. మౌల్వీని అండమాన్ పంపారు. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకున్నా 1859లో తూప్రాన్ దగ్గర చంపేశారు. ‘పెద్ద తుర్రంఖానా?’ అనే మాట ఆయన పేరు నుంచే వచ్చిందంటారు. కోఠి బస్టాండ్ దగ్గర స్మారకం ఉంది, ఒక్క నిమిషం ఆగి చూడండి.

తెలుగువాళ్లు తప్పకుండా వెళ్లాల్సిన చోటు మాత్రం సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం. 1901 సెప్టెంబర్ 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు పూనుకొని స్థాపించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పుస్తకాల కోసం ఒక గది తెరవడం చిన్న పని కాదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా పరిస్థితి ఎలా ఉందంటే, 1921 నవంబర్‌లో వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో సంఘ సంస్కర్త కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే తెలుగువాళ్ల సంస్థగా ఆంధ్ర జన సంఘం పుట్టింది, 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ దాకా వెళ్లింది. మా బజారు అని చెప్పుకునే వాళ్లకే ఈ చరిత్ర తెలియకపోవడం నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక తిరిగే దారి. మెట్రో రెడ్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగండి. సొంత బండి వద్దు, పార్కింగ్ వెతకడానికే గంట పోతుంది. ముందు మహిళా విశ్వవిద్యాలయం, ఆ చుట్టుపక్కల పాత పుస్తకాల షాపులు. ఇంజనీరింగ్, మెడిసిన్, పోటీ పరీక్షల పుస్తకాలు కొనేటప్పుడు ధర అడిగే ముందు ఎడిషన్ సంవత్సరం చూడండి. సిలబస్ మారిన పుస్తకం సగం ధరకు వచ్చినా దండగే. అక్షరాలు మసకగా, బొమ్మలు నల్లగా ఉంటే అది దొంగ ముద్రణ. మెడిసిన్ పుస్తకాల్లో రంగు బొమ్మల పేజీలు చింపేసి ఉండొచ్చు, మధ్యలోనూ చివర్లోనూ తిరగేయండి. చదివాక వెనక్కి తీసుకుంటారా, ఎంతకు అని కొనేటప్పుడే మాట్లాడుకోవాలి.

అక్కడి నుంచి బ్యాంక్ స్ట్రీట్, గుజరాతీ గల్లీ: ఎలక్ట్రానిక్ సామాను. ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్, శానిటరీ. ఇల్లు కట్టుకునేవాళ్లు లిస్టు రాసుకుని వెళ్లాలి: లైట్లకు 1.5, ప్లగ్ పాయింట్లకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. కాయిల్ పొడవు మామూలుగా 90 మీటర్లు. ఐఎస్ఐ గుర్తు, పొడవు కాయిల్ మీద చదివి, జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా కాస్త తగ్గించి ఇస్తామంటారు, తర్వాత వారంటీ అడిగితే దిక్కుండదు. ఆదివారం ఇక్కడ చాలా షట్టర్లు మూసే ఉంటాయి.

చివరికి సుల్తాన్ బజార్, బడీచౌడీ. డ్రెస్ మెటీరియల్ ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, ఎండలో ఒక రంగు. షాపు గుమ్మం దాకా తెచ్చి చూడండి. టాప్ ముక్క రెండున్నర మీటర్లుందో లేదో కొలిపించుకోండి, ప్యాకెట్ మీద రాసింది నమ్మకండి. సాయంత్రం ఆరు దాటితే ఈ వీధిలో అడుగు వేయడం కష్టం, పిల్లలతో వెళ్తే అంతకుముందే ముగించుకోండి. తలెత్తి చూస్తే పాత మేడల వరండాలు, వాటి పక్కనుంచే మెట్రో పిల్లర్లు కనిపిస్తాయి. ఈ లైను ఇక్కడినుంచి వద్దని వ్యాపారులు ఏళ్ల తరబడి పోరాడారు. వీధి రూపం పోతుందన్న వాళ్ల భయంలో న్యాయం ఉందని నా అభిప్రాయం, కొన్ని పాత ముఖద్వారాలు పోయాయి కూడా. తిరుగు ప్రయాణానికి సుల్తాన్ బజార్ స్టేషన్ దగ్గర. అది గ్రీన్ లైన్, మియాపూర్ వైపో ఎల్బీనగర్ వైపో వెళ్లేవాళ్లు ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్‌కు మారాలి.