కొన్న ఏడాదిలోపే ఇంజిన్ పోయింది, వారంటీ రాదంటున్నారు: ఇంజిన్ విప్పడానికి సంతకం పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కారు కొని ఏడాది కాలేదు, హైవే మీద ఇంజిన్ సీజ్ అయింది, అంటే లోపల పట్టేసి ఆగిపోయింది, ఆయిల్ లేకుండా నడిపారు కాబట్టి వారంటీ రాదని షోరూమ్ వాళ్ళు అంటున్నారు, ఇంజిన్ విప్పడానికి మిమ్మల్ని సంతకం అడుగుతున్నారు.

ఇప్పుడే పెట్టకండి. ఎప్పటికైనా పెట్టక తప్పదు, ఎందుకంటే విప్పకుండా అసలు కారణం తెలియదు. కానీ ఆ కాగితం మీద ఏం రాసి ఉంది, విప్పేటప్పుడు అక్కడ ఎవరెవరు ఉంటారు అన్నవి ముందు తేలాలి. మీ గొడవ మొత్తం వీటి మీదే నడుస్తుంది. నాకూ ఇదే జరిగింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మాది ఖమ్మం. కారు హైదరాబాద్‌లో కొన్నాం, డీజిల్ బండి. మొదటి ఏడాది నిండకముందే, నాన్నని చెకప్‌కి హైదరాబాద్ తీసుకెళ్తుంటే, సూర్యాపేట దాటి నకిరేకల్ వైపు పోతుండగా మీటర్‌లో ఎర్రటి ఆయిల్ క్యాన్ గుర్తు వెలిగింది. బండిని పక్కకి తీసేలోపే బానెట్ కింద టకటకా ఇనుప చప్పుడు, ఆ వెంటనే ఇంజిన్ ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పలేదు. కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, కిలోమీటర్లు, వెలుగుతున్న లైట్లు కనిపించేలా మీటర్ ఫోటో తీశాను. కారు కింద రోడ్డుని కూడా తీశాను, ఒక్క చుక్క ఆయిల్ లేదు. నాన్నని వేరే కారులో పంపించి, బండిని ఫ్లాట్‌బెడ్ మీద షోరూమ్‌కి చేర్చాం.

మర్నాడు సర్వీస్ అడ్వైజర్ మొదట అన్న మాట మీరు విన్నదే: "ఆయిల్ తక్కువైంది సర్, మీరు చూసుకోలేదు." డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి చూపించమన్నాను. ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది. దాన్నీ ఫోటో తీశాను. అప్పుడు కారణం మారింది, కల్తీ డీజిల్ అయ్యుంటుందన్నారు. సరే, శాంపిల్ తీసి సీల్ చేసి, పరీక్ష రిపోర్టు నాకూ ఇవ్వండి అన్నాను. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కల్తీ డీజిల్ దెబ్బ ముందుగా పడేది ఇంజెక్టర్ల మీద, హై ప్రెషర్ పంపు మీద. బండి మిస్ కొడుతుంది, పొగ వస్తుంది, పికప్ పోతుంది. ఆయిల్ లైటు వెలిగి, ఇనుప చప్పుడు వచ్చి పట్టేసిందంటే మొదటి అనుమానం ఇంజిన్‌లో తిరిగే ఇరుసు (క్రాంక్) బేరింగులకి ఆయిల్ అందలేదనే. మీకు కూడా కల్తీ డీజిల్ కథ చెబితే, రాసివ్వమని అడగండి.

మూడోసారి చెప్పింది వింటే ఉపకారం చేస్తున్నట్టే ఉంటుంది. "కింద రాయి తగిలి ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దెబ్బతిందని రాద్దాం సర్, ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం, మీకు టెన్షన్ ఉండదు." దయచేసి దీనికి ఒప్పుకోకండి. మామూలు కాంప్రెహెన్సివ్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి కవర్ లేదు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ ఉన్నా, అది నీళ్ళు లోపలికి వెళ్ళడం, కింద దెబ్బ తగిలి ఆయిల్ కారిపోవడం లాంటి వాటికి. జరగని దెబ్బ జరిగిందని మీ సంతకంతో క్లెయిమ్ వేస్తే అది తప్పుడు క్లెయిమ్. ఇన్సూరెన్స్ సర్వేయర్ ఛాంబర్ చూసి తిరస్కరిస్తే, తయారీ లోపం కాదు, బయటి దెబ్బ అని మీరే రాసిచ్చినట్టు ఉంటుంది. ఆ తర్వాత వారంటీ గురించి నోరు విప్పడానికి ఉండదు. నో క్లెయిమ్ బోనస్ పోవడం దాని పక్కన చిన్న విషయం.

ఆ రాత్రి మా మేనమామకి ఫోన్ చేశాను. ఆయనకి లారీలున్నాయి, ఇంజిన్ పనులన్నీ విజయవాడ ఆటోనగర్‌లోనే చేయిస్తారు. ఆయన ఒకే మాట చెప్పారు: "విప్పేటప్పుడు నువ్వు అక్కడ ఉండాలి రా. ఛాంబర్ దింపిన ఐదు నిమిషాల్లో కారణం కనిపిస్తుంది. కడిగేశాక ఎవడికీ కనిపించదు." నేను విన్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చిన సలహా ఇదే.

పొద్దున్నే షోరూమ్ మేనేజర్‌కీ, కంపెనీ కస్టమర్ కేర్‌కీ కలిపి ఒక ఈమెయిల్ పెట్టాను. బండి వారంటీలో ఉంది, సర్వీసులన్నీ మీ దగ్గరే టైముకి జరిగాయి, వారంటీ ఎందుకు రాదో కారణం లిఖితపూర్వకంగా ఇవ్వండి, కంపెనీ ఏరియా సర్వీస్ ఇంజినీర్ వచ్చి చూశాకే నా సమక్షంలో విప్పండి, విప్పేముందు ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో) నమోదైన ఫాల్ట్ కోడ్‌లన్నీ ప్రింట్ తీసి ఇవ్వండి, పాత పార్టులు దేన్నీ పారేయకండి. అంతే. కోపం చూపించలేదు, కోర్టు మాట ఎత్తలేదు. ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ, "మీరు ఇలా చెప్పారు" అని చిన్న మెయిల్ పెట్టాను. ఫోన్‌లో ధైర్యంగా చెప్పే కారణాలు మెయిల్‌లో రాయడానికి ఎవరూ ముందుకు రారు.

ఈసీయూ ప్రింట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ కాలం బండ్లలో ఫాల్ట్ కోడ్ పడినప్పుడు ఆ క్షణంలో వేగం, ఇంజిన్ వేడి, ఆర్పీఎం లాంటివి కూడా చాలావరకు సేవ్ అవుతాయి. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. మీ బండిలో ఏమేం దాచిపెడుతుందో మోడల్‌ని బట్టి ఉంటుంది, కానీ అడగాల్సిందే. లైటు వెలిగాక కూడా చాలా దూరం నడిపారని వాళ్ళు అంటే, అవును కాదు తేల్చగలిగేది ఇదే. నా ప్రింట్‌లో కోడ్ పడిన కిలోమీటరూ, బండి ఆగిన కిలోమీటరూ ఒకటే. నా ఫోటోలో ఉన్నదీ అదే అంకె, హెల్ప్‌లైన్‌కి నా కాల్ వెళ్ళిన టైము ఆ తర్వాతి నిమిషాల్లోనే ఉంది. ఇక ఆ వాదన నిలబడలేదు. స్కానర్ పెట్టి కోడ్‌లు చెరిపేయడం చిటికెలో పని. అందుకే ముందు ప్రింట్, తర్వాతే స్పానర్.

ఏరియా ఇంజినీర్ వచ్చాక ఛాంబర్ దింపారు. ఆయిల్ పంపుకి ముందుండే జాలీకి నల్లటి సీలెంట్ తునకలు అడ్డుపడి ఉన్నాయి. ఛాంబర్ బిగించేటప్పుడు అంచున పూసే జిగురు లాంటి పదార్థం అది. ఎక్కువ పూస్తే లోపలి వైపుకి ఉబ్బి, ఎండి, ఊడి ఆయిల్‌లో పడుతుంది. జాలీ మూసుకుంటే పంపుకి ఆయిల్ అందదు, డిప్‌స్టిక్ మీద మాత్రం లెవెల్ నిండుగానే కనిపిస్తుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ ఒకటి క్రాంక్‌కి అతుక్కుపోయింది. ఆ ఛాంబర్‌ని ఫ్యాక్టరీ తర్వాత ఎవరూ దింపలేదని వాళ్ళ జాబ్ కార్డులే చెబుతున్నాయి. ఆ ఇంజినీర్ నిజాయతీగా తన రిపోర్టులో అదే రాశారు. షార్ట్ బ్లాక్, అంటే హెడ్ కాకుండా కింది భాగమంతా, వారంటీలోనే మార్చారు.

మీ బండిలో ఆయిల్ నిజంగానే లేకపోతే పరిస్థితి కొంచెం కష్టం, అది దాచను. లెవెల్ చూసుకునే బాధ్యత యజమానిదని మాన్యువల్‌లో రాసి ఉంటుంది, కంపెనీ వెంటనే ఆ పేజీ తీస్తుంది. అప్పుడు మీ ప్రశ్న, ఆ ఆయిల్ ఎక్కడికి పోయింది అన్నది కావాలి. చివరి సర్వీస్ ఎప్పుడు, జాబ్ కార్డులో ఎన్ని లీటర్లు పోసినట్టు బిల్లు వేశారు, మీ ఇంజిన్‌కి మాన్యువల్ ప్రకారం ఎన్ని కావాలి, ఈ లెక్కలు పక్కపక్కన పెట్టండి. డ్రెయిన్ బోల్ట్ సరిగ్గా బిగించలేదా, ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రబ్బర్ రింగు ఊడకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించారా, టర్బో పైపుల దగ్గర చెమ్మ ఉందా చూడమనండి. బండిని కడగకముందే కింది నుంచి ఫోటోలు తీయించండి. సర్వీస్ పొరపాటు అయితే డీలర్ బాధ్యత, తయారీ లోపం అయితే కంపెనీ బాధ్యత. రెండింటిలో ఏదైనా మీ జేబు మీద పడకూడదు.

బీఎస్6 డీజిల్ అయితే ఇంకొక సంగతి కూడా చూడాలి. సైలెన్సర్ లైన్‌లో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) నిండినప్పుడు, ఆ మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. రోజూ ఊళ్ళో చిన్న చిన్న దూరాలే తిరిగితే ఆ కాల్చడం మధ్యలో ఆగిపోతుంది, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచనవుతుంది, లెవెల్ తగ్గకపోగా పైగీత దాటుతుంది. కాబట్టి డిప్‌స్టిక్ మీద ఎక్కువ చూపించినా అది మంచి కబురు కాదు. మీ బండిలో అలా ఉంటే ఆయిల్ శాంపిల్ ఒకటి మీ ముందే సీల్ చేయించుకోండి. డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు పట్టించుకోలేదని వాళ్ళు అంటారు. ఆ లైటు ఎప్పుడు వెలిగిందో కూడా ఈసీయూనే అడగాలి.

మరి సంతకం సంగతి. జాబ్ కార్డులో "కస్టమర్ కంప్లైంట్" అన్నచోట మీరు చెప్పిన మాటలే ఉండాలి: నడుస్తుండగా ఆయిల్ లైటు వెలిగింది, చప్పుడుతో ఇంజిన్ ఆగింది. "ఆయిల్ లేకుండా నడిపినందువల్ల" అని రాసి ఉంటే కొట్టేయించి, పక్కన ఇద్దరి సంతకాలు పెట్టించండి. విప్పడానికి అయ్యే ఖర్చు మీరే భరిస్తారని చాలా షోరూమ్‌లలో ముందే అచ్చు వేసి ఉంటుంది. దాని కింద మీ చేతిరాతతో "వారంటీ నిర్ణయానికి లోబడి, నా అభ్యంతరంతో" అని రాసి సంతకం చేయండి, ఒక కాపీ తీసుకోండి. ఇలా తేలేలోపు రోజుకింత పార్కింగ్ ఛార్జీ అని కొందరు బెదిరిస్తారు. వారంటీ నిర్ణయం మీ దగ్గర పెండింగ్‌లో ఉన్నందువల్లే బండి ఇక్కడుంది అని ఒక మెయిల్ పెడితే చాలు.

ఈఎంఐ మాత్రం ఆపకండి. బ్యాంకుకి మీ ఇంజిన్‌తో సంబంధం లేదు, ఆపితే సిబిల్ దెబ్బతింటుంది, కేసులో మీకు వచ్చే లాభమేమీ లేదు.

అన్నీ చేశాక కూడా కాదంటే ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నమోదై కంపెనీకి వెళ్తుంది, అక్కడే తేలే కేసులు కూడా ఉంటాయి. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కారు హైదరాబాద్‌లో కొన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్న ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే. ఫీజు 5 లక్షల దాకా లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1000 రూపాయలు. లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. షోరూమ్‌నీ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. బండిని ట్యాక్సీగా మీరే నడుపుకుంటూ దాని మీదే బతుకుతుంటే కూడా మీరు వినియోగదారుడే, వాణిజ్య వాహనం కదా అని వెనక్కి తగ్గకండి.

చట్టంలో మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలలు అని ఉంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువ పడుతుందని అనుకునే దిగండి. లోపం ఉందని రుజువు చేయాల్సింది మీరే కాబట్టి, నిపుణుల రిపోర్టు కోసం కమిషన్‌ని అడగాల్సి రావొచ్చు. కొత్త కారే ఇవ్వాలి అన్న ఒక్క కోరికతో వెళ్ళకండి. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతుల ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే అంది. అందుకని కొత్త ఇంజిన్, అద్దె కార్ల ఖర్చు, మానసిక క్షోభకి పరిహారం, ఇలా విడివిడిగా అడగండి. నాకు ఇంజిన్ వచ్చింది కానీ క్యాబ్‌ల ఖర్చు ఇవ్వలేదు, వారంటీలో లేదన్నారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉచితంగా ఇస్తామంటే ఒప్పుకున్నాను. నాన్న ఆరోగ్యం వల్ల నాకు బండి త్వరగా కావాలి, నా నిర్ణయం అందుకే. మీకు ఓపిక ఉంటే వదలక్కర్లేదు.

వారంటీలో ఇంజిన్ మార్చాక చాలామంది మర్చిపోయే పని ఒకటుంది. ఇంజిన్ నంబరు బ్లాక్ మీద ఉంటుంది, కాబట్టి కొత్త బ్లాక్ వేస్తే నంబరు మారుతుంది. ఆర్సీలో పాత నంబరు అలాగే ఉంటే రేపు తనిఖీలోనో, క్లెయిమ్‌లోనో, అమ్మేటప్పుడో ఇరుక్కుంటారు. కొత్త ఇంజిన్ ఇన్‌వాయిస్, పాతది వెనక్కి తీసుకున్నట్టు డీలర్ లెటర్ తీసుకుని ఆర్టీఏ ఆఫీసులో మార్పించండి, తర్వాత ఇన్సూరెన్స్ పాలసీలోనూ మార్పించి, లోన్ ఉంటే బ్యాంకుకీ చెప్పండి. ఈ పనంతా షోరూమ్ ఖర్చుతోనే చేయాలని డెలివరీ తీసుకునే ముందే రాయించుకోండి. కొత్త ఇంజిన్‌కి వారంటీ ఎన్నాళ్ళో కూడా అప్పుడే అడగాలి. చాలా కంపెనీలు అసలు వారంటీలో మిగిలిన కాలమే ఇస్తాయి.

మీ జాబ్ కార్డులో ఇప్పుడు కంప్లైంట్ కాలమ్‌లో ఏం రాసి ఉందో, చివరి సర్వీస్ బిల్లులో ఆయిల్ ఎన్ని లీటర్లో కామెంట్‌లో పెట్టండి. మెయిల్ ఎలా రాయాలో చూసి చెబుతాను.