అండాశయంలో గడ్డ ఉంటే పేగుల మీది కొవ్వు పొర ఎందుకు తీస్తారు?

ప్రశ్న: అమ్మకు అండాశయ క్యాన్సర్. ఆపరేషన్‌లో పేగుల మీదుండే కొవ్వు పొరను కూడా తీసేస్తామంటున్నారు. స్కాన్‌లో అక్కడేమీ కనిపించలేదు. మరి తీయడం దేనికి?

జవాబు: ఆ పొర పేరు ఒమెంటం. జీర్ణాశయం అంచు నుంచి పేగుల మీదికి వేలాడుతుంటుంది. అండాశయ క్యాన్సర్ కణాలు రక్తం వెంట పోవడం కన్నా, గడ్డ నుంచి రాలి పొట్టలోని ద్రవంలో పడటమే ఎక్కువ. ఊపిరికి డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ నడుమ ఉండే కండర పొర) కదులుతుంటే ఆ ద్రవం పెద్దపేగు కుడి పక్కగా కాలేయం పైదాకా ఎక్కుతుంది. సర్జన్ కుడి డయాఫ్రం అడుగున కూడా తడిమి చూసేది అందుకే.

ఒంటరి కణం ద్రవంలో బతకడం కష్టం. అందుకని పదులు, వందలుగా ముద్ద కడతాయి. ముద్ద నడుమనున్నవి నెమ్మదిగా విభజన చెందుతాయి. విభజన చెందే కణాలను దెబ్బతీసే పాక్లిటాక్సెల్ అనే కీమో మందుకు అవి సులువుగా చిక్కవు. ముద్ద ఎక్కడైనా వాలితే, పొట్ట లోపలి గోడకు పరుచుకున్న ఒంటి వరుస కణాలను పక్కకు నెట్టి, కింద ఉన్న కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. రక్తపరీక్ష రిపోర్టుల్లో మీరు అంకెగా చూసే సీఏ-125 ఉంది చూశారూ, ఆ ప్రొటీనే గోడ కణాల మీది మీసోథెలిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కునే జిగురు కూడా.

ఇక ఒమెంటం సంగతి. దాని కొవ్వు కణాలు ఐఎల్-6, ఐఎల్-8 అనే రసాయనాలు వదిలి క్యాన్సర్ కణాలను తమవైపు లాగుతాయి. వచ్చినవి ఆ కొవ్వునే ఇంధనంగా వాడుకుంటాయి. 2011లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇది చూపించారు. పోనుపోను కొవ్వు కణాలు చిక్కిపోయి, వాటి చోట పీచు కణజాలం పేరుకుంటుంది. మెత్తగా జారే పొర కాస్తా అట్టలా గట్టిపడుతుంది. డాక్టర్లు దాన్ని ఒమెంటల్ కేక్ అంటారు.

అక్కడి రోగనిరోధక కణాల్లోనూ కొన్ని క్యాన్సర్ వైపే తిరిగిపోతాయి. మాక్రోఫేజ్‌లు అనేవి గడ్డకు కాపలా కాస్తాయి. క్యాన్సర్ కణాలను చంపగల టీ-కణాలు గడ్డలోకి చొరబడగలిగాయా లేదా అన్నది చాలా తేడా తెస్తుంది. 2003 నాటి ఒక అధ్యయనంలో, గడ్డలోకి అవి చొరబడిన రోగుల్లో 38 శాతం అయిదేళ్లు బతికారు. లేనివారిలో 4.5 శాతమే.

మిల్లీమీటరంత క్యాన్సర్ చుక్కలు స్కాన్‌కు దొరకవు, సూక్ష్మదర్శినికి దొరుకుతాయి. స్కాన్‌లో ఏమీ లేకున్నా ఒమెంటం తీసేది అందుకే. కటి (పొత్తికడుపు అడుగు భాగం) దాటి పెరిటోనియంలో, అంటే పొట్ట లోపలి పొరలో, సూక్ష్మంగా ఉంటే 3ఏ దశ, 2 సెంటీమీటర్ల లోపు కనిపిస్తే 3బి, మించితే 3సి. అందువల్ల బయాప్సీ రిపోర్టులో ఒమెంటం వరస తప్పక చదవండి.

ప్రశ్న: కడుపులో నీరు చేరింది. మంచినీళ్లు తగ్గిస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. ఒళ్లు ఎండిపోయి, కీమో వేళ కిడ్నీల మీద భారం పడుతుంది. గడ్డ వదిలే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ వల్ల రక్తనాళాలు కారుతుంటాయి. ఆ ద్రవాన్ని వెనక్కి తోడాల్సిన డయాఫ్రం లింఫు దారులను కణాలు మూసేస్తాయి. కాలేయ జబ్బులో నీటిని లాగే మూత్రం మాత్రలు ఇక్కడ అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఆయాసంగా ఉంటే సూదితో తీయించుకోవాలి. అసలు విరుగుడు గడ్డకు చేసే చికిత్సే. బెవాసిజుమాబ్ అనే మందు వీఈజీఎఫ్‌ను అడ్డుకుంటుంది. కాకపోతే బీపీ పెంచుతుంది, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది, అరుదుగా పేగుకు చిల్లు పెడుతుంది. పెద్ద ఆపరేషన్ అయ్యాక కనీసం 28 రోజులు, గాయం పూర్తిగా మానేదాకా ఇవ్వరు. ఈ మందు మీద ఉండగా ఉన్నట్టుండి తీవ్రమైన కడుపునొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకండి.