రెండు మందులకూ ఆగని ఫిట్స్: ముందు వీడియో తీయండి

అక్కా, దేవరకొండలో ఉంటామని, ఆరేళ్ల బాబుకు రెండు మందులు వాడినా ఫిట్స్ ఆగట్లేదని, మూడోది వేయాలా అని అడిగారు.

ఆ రెండూ బాబుకున్న మూర్ఛ రకానికి తగినవై, సరైన మోతాదులో వాడినా ఆగకపోతేనే మందులకు లొంగని మూర్ఛ అంటారు. బరువు పెరిగాక డోసు పెంచారా? మా పాపకు రెండేళ్లు పాత డోసే నడిచింది, ఎవరూ తూకం వేయలేదు. సిరప్ చెంచాతో కాదు, సిరంజితో కొలవండి.

ఈసారి వస్తే ఫోన్‌లో వీడియో తీయండి. కళ్లు ఎటు తిరిగాయి, ముందు ఏ చెయ్యి కొట్టుకుంది, ఎన్ని నిమిషాలు. మా వీడియో చూశాకే మూర్ఛ రకం వేరని తేలింది. కొన్ని రకాలకు కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందు వేస్తే ఫిట్స్ ఇంకా ఎక్కువవుతాయి.

ఆ వీడియోతో హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి. వీడియో ఈఈజీ (బాబును వీడియో తీస్తూనే మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష), మూర్ఛ కోసం ప్రత్యేకంగా తీసే ఎంఆర్ఐ చేస్తారు. మెదడులో ఒకేచోట మొదలవుతుంటే ఆపరేషన్‌కు వీలుండొచ్చు. లేదంటే కీటోజెనిక్ డైట్ (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే తిండి), అదీ డాక్టర్ చూపులోనే.

పాత మందు మాత్రం ఉన్నట్టుండి ఆపొద్దు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టే పెద్దమ్మలను పక్కకు జరిపి, బాబును ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే డాక్టర్ రాసిచ్చిన ముక్కు స్ప్రే కొట్టి, ఆస్పత్రికి పరుగే.