రంగులు మారుస్తూ ఊగే ఆ వెలుగు యూఎఫ్‌ఓనా (గుర్తు తెలియని ఎగిరే వస్తువా)?

కాదు, రాత్రిపూట ఆకాశం అంచున ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మిణుకుమనే ఆ వెలుగు చాలాసార్లు బాగా ప్రకాశించే నక్షత్రమే. నక్షత్రం కిందుగా ఉన్నప్పుడు దాని కాంతి చాలా మందమైన గాలిని దాటి రావాలి. వేడి, చల్లటి గాలిపొరలు కదులుతూ ఒక్కో రంగును ఒక్కోలా వంచుతాయి.

జనవరి మొదట్లో చీకటి పడ్డాక తూర్పు-ఆగ్నేయాన లేచే సిరియస్ అనే నక్షత్రాన్నే చూడండి. మొదట రంగురాళ్లలా తళుకుమంటుంది. రాత్రి పదకొండుకి పైకెక్కాక దాదాపు తెల్లగా, నిలకడగా ఉంటుంది.

"నక్షత్రమైతే ఊగదు కదా!" అన్నదే అసలు అపోహ. చీకట్లో ఒంటరి వెలుగును తదేకంగా చూస్తే, మన కళ్ల సన్నటి కదలికల వల్ల అదే ఊగుతున్నట్టు అనిపిస్తుంది. ఆ వెలుగు కరెంటు స్తంభం అంచు పక్కనే కనిపించేలా నిలబడి చూడండి, ఊగడం ఆగిపోతుంది.